మండువా లోగిలి కూల్చకుండా మూడు బాత్రూములు, ఏసీ, కొత్త వంటిల్లు: ఎక్కడ మొదలెట్టాలి?

కొబ్బరితోట
అమలాపురం దగ్గర ఊరు. 1930ల నాటి మండువా లోగిలి, బయటి కొలత 52 అడుగులు × 46. మధ్యలో ఆకాశానికి తెరిచి ఉండే మండువా 16 × 14, చుట్టూ 12 టేకు స్తంభాలు, అందులో రెండు అడుగున పుచ్చిపోయాయి. గోడలు పద్దెనిమిది అంగుళాలు. పైన బంగాళా పెంకు. ఉండేది ఆరుగురం: పెద్దవాళ్ళిద్దరు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు.

కావలసింది మూడు పడగ్గదులకి అటాచ్డ్ బాత్రూములు, మాడ్యులర్ వంటిల్లు, రెండు గదులకి ఏసీ, మండువా మీద గ్లాసు కప్పు. ఇద్దరు కాంట్రాక్టర్లు వచ్చి చూశారు. ఒకాయన పడగొట్టి డ్యూప్లెక్స్ వేద్దాం, టేకు అమ్ముకుంటే బోలెడు డబ్బొస్తుంది అన్నాడు. రెండో ఆయన పెంకు దించేసి ఈ గోడల మీదే శ్లాబు వేద్దాం, గోడలకి సిమెంటు ప్లాస్టరింగ్ కొడదాం అన్నాడు. రెండూ మింగుడు పడలేదు. ఇంకో గొడవ: గోడల అడుగున మూడడుగుల ఎత్తు దాకా సున్నం ఊడిపోయి తెల్లగా ఉప్పు పొంగుతోంది. దేనితో మొదలెట్టాలి?

స్ట్రక్చరల్_శాస్త్రి
రెండో ఆయన్ని ముందు సాగనంపండి. అయిదంగుళాల శ్లాబు తన బరువే చదరపు మీటరుకి 310 కిలోలు. దాని మీద ఫ్లోరింగు, మనుషులు, సామాను వేరే. మీ పెంకు, వాసాలు, రీపర్లు (పెంకు ఆనే సన్న బద్దలు) అన్నీ కలిపినా 65–70 కిలోలు దాటదు. అంటే ఆ గోడ మోస్తున్న కప్పు కంటే నాలుగైదు రెట్లు పెట్టమంటున్నాడు. అందులో లోపలేముందో తెలియని గోడ.

అదే ముందు తేల్చుకోండి. కిటికీ పక్కన ఎవరికీ కనబడని చోట రెండు ఇటుకలు జాగ్రత్తగా ఊడదీసి చూడండి. పద్దెనిమిది అంగుళాలు అంటే మొత్తం ఇటుకే అని కాదు. లోపలా బయటా సున్నంతో కట్టిన ఇటుక వరస, మధ్యలో మట్టీ ముక్కలూ దూర్చినవి చాలా ఉంటాయి. జాయింటులోంచి మేకుతో కాస్త మసాలా గీకి నిమ్మకాయ పిండండి. బుస్సున పొంగితే సున్నం. ఉలుకూ పలుకూ లేకపోతే మట్టి.

కొబ్బరితోట
మట్టి అయితే పడగొట్టాల్సిందేనా?

స్ట్రక్చరల్_శాస్త్రి
అక్కర్లేదు. ఇన్నేళ్ళు నిలబడింది కదా. కాకపోతే కొత్త బరువు పెట్టకూడదు, కొత్త ద్వారాలు అడ్డదిడ్డంగా కొట్టకూడదు, నీళ్ళ పైపు ఆ గోడలో దూర్చకూడదు. మీ లిస్టులో ఉన్నవన్నీ ఈ మూడింటికే అడ్డం వస్తున్నాయి.

సున్నంబట్టీ
ఉప్పు సంగతి. గోడ అడుగున ఇదివరకు ఎవరైనా సిమెంటు పట్టీ వేశారా? నూటికి తొంభై ఇళ్ళల్లో అదే కథ. పాత ఇళ్ళ పునాదిలో తేమని ఆపే పొర ఉండదు. నేల తేమ గోడలోకి ఎక్కుతుంది, సున్నం దాన్ని అక్కడికక్కడే గాలికి వదిలేస్తుంది. సిమెంటు కొట్టగానే దారి మూసుకుపోతుంది. ఇక తేమ ఆ పట్టీ వెనకే పైకి పాకి, పట్టీ ఎక్కడ అయిపోతే అక్కడ బయటపడుతుంది. ఆరేటప్పుడు ఉప్పు గడ్డకట్టి సున్నాన్ని నెట్టేస్తుంది.

కొబ్బరితోట
నిజమే, బయటివైపు రెండున్నర అడుగుల సిమెంటు పట్టీ ఉంది. ఎప్పుడో వేశారు. లోపల మూడడుగుల దగ్గర ఊడుతోంది. ఇప్పుడర్థమైంది.

సున్నంబట్టీ
అయితే ఇలా చెయ్యండి. పట్టీని ఉలితో పగలగొట్టించండి, డ్రిల్లు బ్రేకర్ వద్దు, అది ఇటుకని కూడా లాక్కొస్తుంది. జాయింట్లు అరంగుళం పైన లోతుకి గీకించండి. ఉప్పుని పొడి బ్రష్షుతో దులిపి చేటలో ఎత్తి పారెయ్యాలి. నీళ్ళతో కడిగితే మళ్ళీ గోడే తాగుతుంది. తర్వాత రెండు మూడు నెలలు ఆ ఇటుకని అలాగే ఒట్టిగా వదిలెయ్యండి. ఎవరికీ ఓపిక ఉండని ఘట్టం ఇదే.

ఆ గాప్‌లో ఇంటి చుట్టూ నేల సరిచేయించండి. బయటి మట్టం లోపలి గచ్చు కంటే కనీసం ఆరంగుళాలు కిందికి ఉండాలి. గోడకి ఆనుకుని రెండడుగుల వెడల్పున గులకరాయి పోయించండి, సిమెంటు గట్టు వద్దు.

తర్వాత సున్నం. ఒక పాలు మగ్గిన సున్నానికి మూడు పాళ్ళు ఇసుక. అడుగున తేమ ఉండే మూడడుగులకి ఒక పాలు సున్నం, ఒక పాలు ఇటుకపొడి, రెండు పాళ్ళు ఇసుక. ఒక్కో పూత 10–12 మిల్లీమీటర్లకి మించకుండా, పూతకీ పూతకీ మధ్య వారం. సున్నం గాలి పీల్చుకుని గట్టిపడుతుంది కాబట్టి ఒకేసారి అంగుళం మందం కొడితే పైన గట్టి, లోపల ముద్ద. తడి గోనెపట్టాలు పది రోజులు వేలాడదియ్యాలి. ఎండాకాలం ఈ పని పెట్టుకోకండి.

ఫాస్ట్‌ట్రాక్_బిల్డర్
ఇంత తతంగం ఎందుకండీ, ఒకటి సిమెంటు, ఒకటి సున్నం, ఆరు ఇసుక కలిపితే పని త్వరగా అవుతుంది, గట్టిగానూ ఉంటుంది. కోడ్‌లో, అంటే నిర్మాణ ప్రమాణాల్లో, ఉన్న మిశ్రమమే.

సున్నంబట్టీ
కోడ్‌లో ఉంది, కొత్త ఇటుకకి బాగుంటుంది కూడా. ఇక్కడున్నది చేతితో కోసి ఆవంలో కాల్చిన మెత్తటి ఇటుక. మసాలా ఇటుక కంటే గట్టిదైతే ఎండ పొంగుకీ తేమకీ పగిలేది ఇటుకే. మసాలా ఎప్పుడూ బలహీనంగా ఉండాలి, పోతే అది పోవాలి. పదేళ్ళకోసారి అడుగున మూడడుగులు మళ్ళీ పూయించుకుంటే సరిపోతుంది.

ఫాస్ట్‌ట్రాక్_బిల్డర్
పదేళ్ళకోసారి పూయించుకునే ఓపిక ఉన్న కస్టమర్‌ని ఇంతవరకు చూళ్ళేదు 😄

గోదారిగట్టు
పూర్వం ఏటా సంక్రాంతికి వెల్ల వేయించేవారు కదండీ, అది ఓపిక కాదూ.

సున్నంబట్టీ
@గోదారిగట్టు మంచి మాట గుర్తుచేశారు. పైన వేసేది కూడా వెల్లే అవ్వాలి. పుట్టీ పెట్టి ఎమల్షన్ కొడితే కింద చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరు. పొరలు పొరలుగా ఊడొస్తుంది. రంగు కావాలంటే వెల్లలోనే కలుపుకోవచ్చు.

డల్లాస్_బాబాయ్
గోడకి రంధ్రాలు పెట్టి కెమికల్ క్రీము ఎక్కించి తేమ ఆపేస్తారట కదా? ఇక్కడ పాత ఇళ్ళకి చేస్తుంటారు.

స్ట్రక్చరల్_శాస్త్రి
పద్ధతి ఉంది. అడుగు వరస జాయింట్లో 12 మిల్లీమీటర్ల రంధ్రాలు, 120 మిల్లీమీటర్లకి ఒకటి, అవతలి ముఖానికి 40 మిల్లీమీటర్లు మిగిలేలా లోతు. గోడ మొత్తం ఇటుకైతే పనిచేస్తుంది. మధ్యలో మట్టి కూరిన గోడలో క్రీము ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. అందుకే ముందు గోడ విప్పి చూడమన్నది.

పెంకుల_పరంధామయ్య
గోడల గోల తర్వాత, ముందు కప్పు చూడండి. కప్పు కారుతుంటే గోడ ఎంత బాగుచేసినా దండగ.

మీ కొలతలకి వాలు, చూరు కలుపుకుని సుమారు 2,800 చదరపు అడుగుల పెంకు. చదరపు మీటరుకి 15 లెక్కన నాలుగు వేలు దగ్గర దగ్గర. దించేటప్పుడు పదిలో ఒకటో రెండో పగులుతాయి. దించిన ప్రతి పెంకునీ వేలి గణుపుతో కొట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే లోపల జుట్టు పగులు ఉన్నట్టు, పక్కన పెట్టండి.

ఇక్కడ అందరూ చేసే తప్పు: పగిలినవాటి బదులు కొత్తవి కొని మధ్యమధ్యలో దూరుస్తారు. బంగాళా పెంకు పక్క పెంకుతో గాడిలో కూచుంటుంది. ఫ్యాక్టరీ మారితే గాడి మారుతుంది. ఒక నూలు తేడా ఉన్నా నీళ్ళు లోపలికే. అందుకని పాతవి ఏరి వీధివైపు వాలుకీ మండువా వాలుకీ వాడండి, కొత్తవన్నీ ఒకే కంపెనీవి దొడ్డివైపు వాలుకి కలిపి వేయించండి. కొత్త పెంకు చేతికి వచ్చాకే రీపర్ల దూరం గీయాలి. నాలుగు పెంకులు నేల మీద పేర్చి కొలవండి, పాత కొలతకి మేకులు కొట్టకండి.

ఇంకోటి, కారేది పెంకు మధ్యలో కాదు, మండువా నాలుగు మూలల్లో. రెండు వాలులు కలిసేచోట రేకు కాలువ తుప్పుపట్టి ఉంటుంది. దాన్ని కనీసం ఒకటిన్నర అడుగు వెడల్పున కొత్త రేకుతో చేయించండి, రెండు అంచులూ మడత పెట్టాలి. కాలువ పక్క కోసిన పెంకుల్ని సిమెంటుతో అతికితే నీరు అక్కడే ఆగి చెక్కలోకి పీలుస్తుంది. ఆ సిమెంటు ముద్దలే మూలవాసాలు పుచ్చడానికి కారణం.

తుఫాన్_హెచ్చరిక
1996 నవంబరు తుఫాను కోనసీమ మీదే తీరం దాటింది, మర్చిపోవద్దు. పెంకు దించినప్పుడే ఈ నాలుగు పనులూ కానివ్వండి, మళ్ళీ వీలుపడదు. గోడ మీద వాసాలు ఆనే పట్టెని 12 మిల్లీమీటర్ల రాడ్లతో మూడడుగులు గోడలోకి బిగించాలి. ప్రతి వాసాన్నీ ఆ పట్టెకి గాల్వనైజ్డ్ పట్టీతో కట్టాలి, మేకు ఒక్కటే ఉంటే గాలి పైకి లాగినప్పుడు జారి వస్తుంది. చూరు దగ్గర రెండు మూడు వరసలూ, వెన్ను పక్క వరసలూ రాగి తీగెతో రీపరుకి కట్టాలి. చూరు ఒకటిన్నర అడుగు మించి బయటికి వద్దు.

కోతుల_బాధితుడు
రాగి తీగె కట్టిన పెంకునే మా కోతులు ముందు లాగి చూస్తాయి, లోపల ఏదో దాచారనుకుని.

కరీంనగర్_భవంతి
నవ్వులాట కాదన్నా, మా దిక్కు గీ కోతులతోనే సగం పెంకుటిండ్లు కూలగొట్టిన్రు. పెంకు మీద ఉరుకుతె గాడి తప్పి జరుగుతది, పగలకున్నా కురుస్తది. రీపర్ల కింద పలకలు కొట్టిచ్చి, దానిమీద నీళ్ళు దిగని, ఆవిరి పోయే షీటు పరిపిచ్చి, షీటు మీద వాసాల వెంబడి అంగుళం బద్దలు కొట్టి, అప్పుడు రీపర్లు, అప్పుడు పెంకు. పెంకు జరిగినా షీటు మీదికెల్లి నీళ్ళు చూరుకు పోతయ్. ఆ అంగుళం సందుల గాలి ఆడుతది, వేడి గూడ తగ్గుతది. సందు లేకుంట షీటు మీదనే రీపర్లు కొడితె రీపరు దగ్గరనే నీళ్ళు నిల్చి కట్టె కుళ్ళిపోతది.

పెంకుల_పరంధామయ్య
@కరీంనగర్_భవంతి చెప్పింది నూటికి నూరుపాళ్ళు. ఒక్క మాట, ఆ పలకలకి ప్లైవుడ్ వద్దు. మామిడి కూడా వద్దు, చెదలకి విందు. వేప గానీ పాత టేకు కోయించింది గానీ.

కొబ్బరితోట
పుచ్చిన స్తంభాల సంగతేమిటి? మొత్తం మార్చాలా?

వడ్రంగి_మేనల్లుడు
అడుగున ఎంత మేర పుచ్చిందో చిన్న ఉలితో పొడిచి చూడండి. దిగబడినంత మేర, దానిపైన ఇంకో ఆరంగుళాలు కోసేస్తే చాలు. మొత్తం స్తంభం తీస్తే పైన బోదె (స్తంభం తల మీది దిమ్మ), దూలం జాయింట్లు కదుల్తాయి.

ముందు స్తంభానికి చెరోపక్క జాకీ పెట్టి పైన దూలానికి అడ్డంగా చెక్క దిమ్మ వెయ్యాలి. దూలం నేరుగా ఇనుము మీద ఆనితే నొక్కుపడుతుంది. ఒక్కో స్తంభం మీద మహా అయితే రెండు మూడు వందల కిలోలు, కాబట్టి బరువు భయం లేదు. భయం అంతా ఎత్తడంలోనే. 3–5 మిల్లీమీటర్లు చాలు, స్తంభం అడుగున రంపం ఆడితే ఆపెయ్యండి. ఇంకో రెండు తిప్పులు తిప్పారంటే పైన పెంకు వరసంతా చెదిరిపోతుంది.

అతుకు ఏటవాలుగా, స్తంభం మందానికి రెండున్నర మూడు రెట్లు పొడుగుండాలి. రెండు బోల్టులు, బోల్టు తలలు లోపలికి దించి టేకు బిళ్ళతో మూసెయ్యండి. కొత్త ముక్క పాత టేకుదే అవ్వాలి, పచ్చి కలప ఆరాక అతుకు నోరు తెరుస్తుంది. పడగొట్టిన ఇళ్ళ కలప అమ్మే చోట దొరుకుతుంది. అడుగున రాతి దిమ్మ తప్పనిసరి, గచ్చుకి రెండంగుళాలు పైకి. స్తంభం చుట్టూ సిమెంటు మెత్తితే మళ్ళీ పదేళ్ళకి ఇదే పోస్టు వేస్తారు మీరు.

చెక్క విప్పే ముందు ప్రతి ముక్కకీ పెయింటుతో నెంబరు. తూర్పు 1, తూర్పు 2 అని, కనబడని ముఖం మీద. సుద్దతో రాస్తే మొదటి వానకే పోతుంది.

చెదల_చిన్నారావు
జాకీలు తీసేలోపు చెదల మందు కానివ్వండి. గోడ, నేల కలిసేచోట అడుగుకొకటి 12 మిల్లీమీటర్ల రంధ్రం. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు, రంధ్రానికి లీటరు దాకా తాగించాలి. దొడ్లో నుయ్యి ఉంటే ఆ వైపు గోడకి ఈ మందు వద్దు, మట్టిలోంచి దిగుతుంది. అక్కడ చెక్కకే పూయించుకోండి.

ఆర్కిటెక్ట్_అన్నపూర్ణ
ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. మూడు బాత్రూములూ, వంటిల్లూ పాత గోడల మధ్య ఇరికించాలనుకోవడంతోనే చిక్కు. నీళ్ళు వాడేవన్నీ దొడ్డివైపు కొత్త బ్లాకులోకి పోనివ్వండి. పాత ఇంట్లో హాలు, పూజ, పడకలు. కొత్త బ్లాకులో వంటిల్లు, మూడు బాత్రూములు, పెద్దవాళ్ళ పడగ్గది. పాత ఇంటి దొడ్డిగుమ్మం దగ్గర నాలుగైదడుగుల వెడల్పు నడవ రెంటినీ కలుపుతుంది. మిగతా రెండు పడగ్గదులూ దొడ్డివైపు వరసలోనే పెట్టుకుంటే బాత్రూముకి నడవ దాటితే చాలు. "అటాచ్డ్" అనే మాట పట్టుకుని వేలాడొద్దు.

నడవ కప్పు పాత చూరు కిందికే ఉండాలి, పైకి కాదు. పాత వాలు మీంచి వచ్చే నీరు దాని మీద పడి పక్కకి పోవాలి. కొత్త బ్లాకుకి శ్లాబు వేసుకోండి, పైన ట్యాంకు, సోలారు అన్నీ అక్కడే. వీధిలోంచి చూస్తే పెంకు వెన్ను మించి కనబడకుండా ఒక అంతస్తుతో ఆపండి. కొత్తదానికి దొంగ స్తంభాలు, ఫైబర్ నగిషీలు పెట్టి పాతదానిలా చూపించాలని మాత్రం తాపత్రయపడకండి. తెల్లటి సాదా గోడ, నాపరాయి నేల చాలు.

కొబ్బరితోట
మా అమ్మ వంటిల్లు ఆగ్నేయంలో తప్ప వీల్లేదంటుంది. దొడ్డి పడమర.

ఆర్కిటెక్ట్_అన్నపూర్ణ
కొత్త బ్లాకుకి దాని ఆగ్నేయ మూల దానికుంటుంది కదండీ. చాలామంది సిద్ధాంతులు ఒప్పుకుంటారు.

గోదారిగట్టు
సిద్ధాంతి ఒప్పుకుంటాడు, అమ్మ ఒప్పుకోవాలి.

స్ట్రక్చరల్_శాస్త్రి
@ఆర్కిటెక్ట్_అన్నపూర్ణ గారి నడవకి నా షరతులు. కొత్త గోడ పాత గోడని ముట్టుకోకూడదు. అంగుళం నుంచి రెండంగుళాల సందు పునాది నుంచి పైదాకా. కొత్తది కొన్నేళ్ళు దిగుతుంది, పాతది ఎప్పుడో దిగి కూచుంది. రెంటినీ కట్టేస్తే పగులు పాతదానికే వస్తుంది. సందుని సిమెంటుతో పూడ్చే మేస్త్రిని అక్కడే పట్టుకోవాలి. మెత్తటి ఫోమ్ తాడు, పైన సీలెంటు, దాని మీద ఒక పక్కకే మేకులు కొట్టిన రేకు.

పునాది తవ్వకంలో ఇంకో లెక్క: పాత పునాది కంటే కొత్తది రెండడుగులు లోతుకి వెళ్తే, కనీసం నాలుగడుగులు దూరంగా ఉండాలి. ఎంత లోతు ఎక్కువైతే దానికి రెట్టింపు దూరం. మీ నడవ నాలుగైదడుగులే కాబట్టి ముందు పాత పునాది ఎంత లోతుందో ఒక గొయ్యి తీసి చూడండి. ప్రొక్లెయిన్ దించకండి, చేత్తో తవ్వించండి.

డెల్టా_డ్రైనేజీ
తవ్వకం కాలువలు కట్టేసిన వేసవిలోనే. నీళ్ళు వదిలాక కోనసీమలో నాలుగడుగులకే ఊట. కానీ నల్లమట్టి వేసవిలో నెర్రెలిచ్చి ఉంటుంది, ఆ నెర్రె ఎంత లోతు పోయిందో చూసి దానికింద పునాది ఆనించాలి. అంతకంటే మేలు అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బుగా ఉండే కాంక్రీటు స్తంభాల పునాది, మూడున్నర మీటర్ల లోతు, అడుగున బల్బు కాండానికి రెండున్నర రెట్లు. అయితే కింద ఇసుక పొర తగిలితే బల్బు తవ్వుతుండగానే కూలిపోతుంది. రెండు చోట్ల బోరు వేసి మట్టి పరీక్ష చేయించకుండా ఏదీ మొదలెట్టొద్దు.

ఫాస్ట్‌ట్రాక్_బిల్డర్
రోడ్డు ఎత్తు ఎంతుంది? వీధి సిమెంటు రోడ్డు పొర మీద పొర వేసి ఇంటి మట్టం దాటిపోయుంటే ఇవన్నీ చేసినా వానొస్తే నీళ్ళు లోపలికే. హర్యానా వాళ్ళు జాకీలతో ఇల్లు మూడడుగులు ఎత్తేస్తున్నారు కదా.

స్ట్రక్చరల్_శాస్త్రి
వాళ్ళు ఎత్తేవి సిమెంటుతో కట్టిన ఇళ్ళు, ఎక్కువగా పైన శ్లాబు ఉన్నవి. శ్లాబు పెట్టెకి మూతలా గోడల్ని కలిపి పట్టుకుంటుంది. పెంకుటిల్లుకి ఆ మూత లేదు. సున్నం గోడ అడుగున ఒక్కో ఇటుక తీసి జాకీ పెడుతూ పోతే పై వరసలు జాకీల మధ్య కిందికి కారిపోతాయి. ఈ ఇంటికి ఆ మాటే ఎత్తొద్దు.

కొబ్బరితోట
అరుగు రోడ్డు కంటే ఇంకా రెండున్నర అడుగులు ఎత్తే ఉంది. ఆ భయం లేదు. కానీ అదే పెద్దవాళ్ళకి కష్టం, నాన్నగారికి మోకాళ్ళు.

ఆర్కిటెక్ట్_అన్నపూర్ణ
వాలుదారి ఒకటికి పన్నెండు. రెండున్నర అడుగులకి ముప్పై అడుగుల పొడుగు. వీధి అరుగు ముందు పెడితే ముఖం పాడవుతుంది, పైగా చోటు చాలదు. పక్క సందులోంచి కొత్త బ్లాకు గుమ్మం దాకా తీసుకెళ్ళండి, సగంలో అయిదడుగుల చదును. కొత్త బ్లాకులో గడపలు వద్దు. పాత గడపల్లో కొత్త బ్లాకుకి వెళ్ళే దారిలో ఉన్నది ఒక్కటి మాత్రం తీయించి రాతి పలక సమంగా దించండి. మిగతావి ముట్టుకోవద్దు, ద్వారబంధం అడుగు కట్టు అదే.

వైర్‌మేన్_వీర్రాజు
కరెంటు. గోడ చెక్కి పైపులు దించడం వద్దే వద్దు. అటక మీద పీవీసీ పైపుల్లో లైన్లన్నీ లాగి, స్విచ్చుబోర్డు దగ్గర మాత్రం కేసింగ్ కేపింగ్‌తో (గోడ పైనే బిగించే మూతున్న పట్టీ) దిగండి, టేకు రంగుది దొరుకుతుంది. అటకలో గుడ్డ చుట్టిన పాత వైర్లు ఒక్క అంగుళం కూడా మిగల్చొద్దు, ఎండిన చెక్క పక్కన అది అగ్గిపుల్లే. ఎలకలుంటాయి కాబట్టి జాయింట్లన్నీ మూతున్న డబ్బాలోనే. మెయిన్‌లో 30 మిల్లీ ఆంప్స్ ఆర్సీసీబీ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు.

టన్నున్నర ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, విడిగా 20 ఆంప్స్ బ్రేకరు. బయటి యూనిట్ సున్నం గోడకి బ్రాకెట్ కొట్టి వేలాడదీయకండి, నేల మీద స్టాండుకి పెట్టండి. ఆ అదురుకి జాయింట్లు రాలతాయి. నీటి పైపు కూడా గోడ పక్కన కారకుండా దూరంగా తీసుకెళ్ళాలి.

కరీంనగర్_భవంతి
పెంకు కింద ఏసీ అంటే ఊరికి ఏసీ పెట్టినట్టే కదా 😀

ఆర్కిటెక్ట్_అన్నపూర్ణ
ఉత్త పెంకు కింద అంతే. ఆ రెండు గదులకే చెక్క సీలింగు, దానిమీద 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (వేడిని ఆపే రాతినార పరుపు). సీలింగుకీ పెంకుకీ మధ్య అటక గాలి ఆడేలా చూరు దగ్గర జాలీ వదలండి. కిటికీ రెక్కల అంచుకి రబ్బరు పట్టీ. మిగతా ఇంటికి ఏసీ అడక్కండి, మండువా ఉన్నది దానికే.

కొబ్బరితోట
మండువా అనేసరికి గుర్తొచ్చింది, గ్లాసు కప్పు గురించి ఎవరూ మాట్లాడలేదు. వానకి వసారా అంతా తడుస్తోంది.

పెంకుల_పరంధామయ్య
మాట్లాడకపోవడానికి కారణం ఉంది.

డెల్టా_డ్రైనేజీ
ముందు నీళ్ళ లెక్క చూడండి. లోపలి వాలులు, మండువా కలిపి సుమారు 1,020 చదరపు అడుగులు, అంటే 95 చదరపు మీటర్లు. గంటకి 100 మిల్లీమీటర్ల వాన కొడితే 9,500 లీటర్లు మండువాలోకి. గ్లాసు మీద పడ్డ నీరు పెంకు మీదికి జారుతుంది, పెంకు మీంచి ఎక్కడికి పోవాలి? చూరు చుట్టూ కాలువలు కట్టి గొట్టాలు దించాలి. అవి కొబ్బరి పీచు, ఆకులతో నిండితే గ్లాసు కిందే పొంగుతాయి. ఇప్పుడు కనీసం ఆరుబయట పొంగుతోంది.

స్ట్రక్చరల్_శాస్త్రి
బరువు: రెండు 6 మిల్లీమీటర్ల అద్దాలు అతికిన లామినేటెడ్ గ్లాసు చదరపు మీటరుకి 30 కిలోలు. మీ మండువాకి అద్దమే 600 కిలోలు పైన, ఇనుప ఫ్రేము వేరే. అది ఆ టేకు స్తంభాల మీద వద్దు.

ఫాస్ట్‌ట్రాక్_బిల్డర్
పాలికార్బొనేట్ షీటు వెయ్యచ్చుగా, 10 మిల్లీమీటర్లది రెండు కిలోలు కూడా రాదు. ఇది మాత్రం ఒప్పుకోండి.

ఆర్కిటెక్ట్_అన్నపూర్ణ
బరువుకి ఒప్పుకుంటాను. వేడికి ఒప్పుకోను. వసారా వేడిగాలి పైకి పోయే చిమ్నీ ఆ మండువా. మూస్తే మే నెలలో ఇల్లంతా పచ్చళ్ళ జాడీయే. తప్పదంటే చూరు కంటే రెండడుగులు పైకెత్తి నాలుగువైపులా తెరిచి వెయ్యాలి. అప్పుడు ఈదురుగాలికి జల్లు ఎలాగూ వస్తుంది, తుఫానుకి షీటు ఎగిరిపోయే బెంగ అదనం.

జల్లుకి వసారా అంచున చుట్టే కర్రతెరలు. దోమలకి మండువాకి కాదు, గదుల తలుపులకీ కిటికీలకీ జాలీ. కోతులకి మండువా మీద రెండంగుళాల వెల్డ్ మెష్, నాలుగు ముక్కలుగా, బోల్టు విప్పితే తీసి శుభ్రం చేసుకునేలా.

డెల్టా_డ్రైనేజీ
మండువా తూము ఏమైందో కూడా చూడండి. పాతది ఇటుకతో కట్టిన కాలువ, గచ్చు కిందుగా దొడ్లోకి వెళ్తుంది. సగం వేరుతో పూడిపోయి ఉంటుంది, అక్కడ నిలిచిన నీరే మీ గోడల్లోకి ఎక్కుతుండొచ్చు. వాలు నూటికి ఒకటి ఉంటే నాలుగంగుళాల పైపు ఒకటే ఈ నీటికి సరిపోతుంది. అయినా రెండు వేయండి, వేర్వేరు మూలల నుంచి. ఒక బాదం ఆకు అడ్డం పడితే చాలు. వంపు దగ్గర మూత తీసే గుంట. బాత్రూము పైపుతో మాత్రం కలపొద్దు, వానకి ఎదురెక్కుతుంది.

సున్నంబట్టీ
ఆ పైపుల కోసం నేల తవ్వినప్పుడు విట్రిఫైడ్ టైల్స్ వేసేద్దామన్న ఆలోచన వస్తుంది. వద్దు. కింద కాంక్రీటు, ప్లాస్టిక్ షీటు వేసి నేల మూసేస్తే తేమ నేరుగా గోడెక్కుతుంది. బేతంచర్ల రాయో, కడప నాపరాయో సున్నం పడక మీద పరిపించండి. టైల్సు సరదా కొత్త బ్లాకులో తీర్చుకోండి.

లాయరు_లక్ష్మి
డబ్బు పెట్టే ముందు రెండు మాటలు. ఇల్లు ఉమ్మడి ఆస్తి అయితే భాగపరిష్కారం రిజిస్టర్ అయ్యాకే పని. బాగుచేశాక వాటా అడగడానికి వచ్చేవాళ్ళు బాగుచేసేటప్పుడు రారు. రెండోది, దగ్గర్లో కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం ఉందేమో చూడండి. ద్రాక్షారామం, సామర్లకోట లాంటిచోట్ల కట్టడం హద్దు నుంచి 100 మీటర్లలో కొత్త నిర్మాణం కుదరదు, మరమ్మతుకి కూడా అనుమతి కావాలి. ఆ తర్వాతి 200 మీటర్లలో రెంటికీ అనుమతి. మీ ఊరికి లేకపోతే పంచాయతీ ప్లానుతో సరి.

కొబ్బరితోట
భాగాలు అయిపోయాయి, కట్టడాలేం లేవు. అయితే వరస ఇలా అనుకుంటున్నా: గోడ విప్పి చూడటం, మట్టి పరీక్ష, సిమెంటు పట్టీ తీసెయ్యడం, వేసవిలో కొత్త బ్లాకు పునాది, తర్వాత పెంకు. కాంట్రాక్టు అడుగు లెక్కన ఇవ్వాలా?

పెంకుల_పరంధామయ్య
కొత్త బ్లాకుకి అడుగు లెక్క ఇచ్చుకోండి. పాత ఇంటికి వద్దు, రోజుకూలీ. అడుగు లెక్కలో ఉన్నవాడు పెంకుని వేలితో కొట్టి చూస్తూ కూచోడు. వరసలో ఒక మార్పు, పెంకు వాన ముందు పెట్టుకోవద్దు. వర్షాలూ తుఫాన్లూ వెళ్ళాక జనవరిలో దించండి, అదీ ఒక్కో వాలు చొప్పున. ఒకటి మూశాకే రెండోది. ఈలోపు నాలుగు మూలల రేకు కాలువలు మాత్రం ఇప్పుడే మార్చేసుకోండి, ఈ వానకి ఆ రెండు స్తంభాలూ మిగులుతాయి.

వడ్రంగి_మేనల్లుడు
జాకీలు ఇప్పుడే పెట్టి వదిలెయ్యచ్చు కూడా. కాకపోతే ఎత్తకుండా, ఆనించి మాత్రమే. కింద రెండడుగుల పలక వెయ్యండి, లేకపోతే గచ్చులోకి దిగిపోతాయి.

కొబ్బరితోట
ఆదివారం గోడ విప్పుతున్నాం. నిమ్మకాయలు దొడ్లోనే ఉన్నాయి. ఫోటోలు పెడతాను.

కోతుల_బాధితుడు
నిమ్మకాయలు లోపల పెట్టుకోండి.